తలుపు దాకా దారి: హెబ్రోన్ ఇబ్రాహీమీ మసీదు, మక్పేలా గుహ మీద ఒక కేస్ స్టడీ

హెబ్రోన్ గురించి ఎవరిని అడిగినా ముందు ఆ బిల్డింగ్ గురించే చెప్తారు. ఒకే ప్రహరీ లోపల ఒక పక్క మసీదు, ఇంకో పక్క సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), మధ్యలో తాళాలేసిన తలుపులు, ఏడాదిలో 10 రోజులు మొత్తం కట్టడం వీళ్లకి, 10 రోజులు మొత్తం వాళ్లకి. వింటే లెక్క బాగానే కుదిరినట్టు ఉంటుంది. మా ఫీల్డ్ ట్రైనింగ్‌లలో దీన్ని "పంచుకున్న పవిత్ర స్థలం" అని ఉదాహరణగా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. నేను ఈ కేస్ రాయడానికి కారణం అదే. ఆ లెక్క గుమ్మం దగ్గర మొదలవుతుంది, నమాజ్‌కో ప్రార్థనకో వెళ్లే మనిషి మాత్రం తన ఇంటి దగ్గర మొదలవుతాడు. ఇల్లు నుంచి గుమ్మం దాకా ఉన్న దారి ఎవరి చేతిలో ఉందో చూడకుండా యాక్సెస్ మీద రిపోర్ట్ రాస్తే ఆ రిపోర్ట్ జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది, ఇది నేను గట్టిగా నమ్మే మాట.

నా పని ఏంటంటే, గొడవలున్న ప్రార్థనా స్థలాల దగ్గర జనం నిజంగా లోపలికి ఎలా వెళ్తున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు, ఎవరు ఆపుతున్నారు అనేది రికార్డ్ చేసి, దాన్ని పట్టుకుని రెండు వైపుల పెద్దలతో, అధికారులతో మాట్లాడటం. హెబ్రోన్‌లో 2023 అక్టోబర్‌కి ముందు ఒక చిన్న అబ్జర్వర్ టీమ్‌తో పనిచేసాను. ఇక్కడ రాస్తున్నవి అప్పటి ఫీల్డ్ నోట్స్, వాటికి తోడు అందరికీ అందుబాటులో ఉన్న రికార్డులు. నేను కలిసిన మనుషుల పేర్లు కావాలనే రాయలేదు, ఎందుకో కింద చెప్తాను.

ఊరు, కట్టడం, పాత గాయాలు

జెరూసలేంకి దక్షిణంగా 30 కిలోమీటర్లు. 1967 నుంచి ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో పెద్ద ఊళ్లలో ఒకటి, జనాభా 2 లక్షలు దాటింది. మన తెలుగు బైబిల్ చదివినోళ్లకి హెబ్రోను అంటే ఆదికాండము 23వ అధ్యాయం, శారా చనిపోయినప్పుడు అబ్రాహాము ఎఫ్రోను దగ్గర మక్పేలా గుహని 400 తులాల వెండికి కొన్న ఊరు. ముస్లింలకి అదే అల్-ఖలీల్, ఇబ్రాహీం ప్రవక్త ఊరు. అబ్రాహాము-శారా, ఇస్సాకు-రిబ్కా, యాకోబు-లేయా, ఈ మూడు జంటల సమాధులు ఆ గుహలోనే ఉన్నాయని యూదులు, ముస్లింలు ఇద్దరి నమ్మకం. గుహ మీద కనిపించే ఆ భారీ రాతి ప్రహరీ హేరోదు రాజు కాలం నాటిది, అంటే 2000 ఏళ్ల పైమాటే. లోపల చర్చి వచ్చింది, మసీదు వచ్చింది, క్రూసేడర్లు (యూరప్ క్రైస్తవ సైన్యాలు) వచ్చాక మళ్లీ చర్చి, సుల్తాన్ సలాహుద్దీన్ గెలిచాక మళ్లీ మసీదు. 11వ శతాబ్దంలో అష్కెలోన్ కోసం చేసిన చెక్క మింబర్ (ఇమాం ప్రసంగించే మెట్ల వేదిక) సలాహుద్దీన్ కాలంలో ఇక్కడికి తెచ్చారు, ఇస్సాకు హాల్లో ఇప్పటికీ ఉంది, ఆ చెక్కడం పని చూస్తూ నిలబడిపోతాం.

గుహలోకి మాత్రం ఎవరినీ దిగనివ్వరు. పైన హాళ్లలో ఉన్నవి గుర్తుగా కట్టిన సమాధి దిమ్మెలే. మసీదు వైపు నేలలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి కిందకి దీపం వేలాడదీస్తారు, అంతవరకే.

చరిత్ర ఎక్కడ నుంచి మొదలుపెడతారు అనేదే ఇక్కడ పెద్ద గొడవ, అందుకే నేను ఎవరింటికి వెళ్లినా వాళ్లు మొదలుపెట్టిన చోటు నుంచే వినేదాన్ని. ఒక యూదు పెద్దావిడ 1266తో మొదలుపెట్టారు. ఆ ఏడు మామ్లూక్ సుల్తాన్ బైబర్స్ యూదులకి, క్రైస్తవులకి లోపలికి ప్రవేశం లేదని ఆజ్ఞ వేశాడు, ఆ తర్వాత యూదులు బయటి మెట్లలో ఏడో మెట్టు దాకా వచ్చి అక్కడే నిలబడి ప్రార్థన చేసుకోవాలి, 1967 దాకా 700 ఏళ్లు అదే పద్ధతి. ఆవిడ తర్వాత చెప్పింది 1929. ఆ ఆగస్టులో ఊరి యూదుల మీద దాడి జరిగి 67 మందిని చంపేశారు. చాలామందిని అరబ్ పొరుగువాళ్లే ఇళ్లలో దాచి కాపాడారు కూడా, కానీ తరతరాల యూదు సమాజం ఆ దెబ్బకి ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఈ బాధని చిన్నది చేసి మాట్లాడితే ఆవిడ ఇంట్లో మనకి రెండో మాట ఉండదు, ఉండకూడదు కూడా.

పాలస్తీనా కుటుంబాలు మొదలుపెట్టేది 1967 జూన్‌తో, ఇజ్రాయెల్ సైన్యం ఊళ్లోకి వచ్చిన రోజుతో. లేదంటే 1994తో.

1967 తర్వాత అప్పటి ఇజ్రాయెల్ రక్షణ మంత్రి మోషే దయాన్ ఒక ఏర్పాటు చేశాడు, మసీదు నిర్వహణ వక్ఫ్ చేతిలోనే ఉంటుంది, నమాజ్ వేళలు కాని టైంలో యూదులు వచ్చి చూసుకోవచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు అని. 1968 పస్కా పండక్కి రబ్బీ మోషే లెవింగర్ తన గుంపుతో ఊళ్లో హోటల్‌లో దిగి ఇక వెళ్లేది లేదన్నాడు, అదే కొన్నాళ్లకి ఊరి పక్కనే కిర్యాత్ అర్బా సెటిల్‌మెంట్ అయింది, అంటే ఆక్రమిత ప్రాంతంలో ఇజ్రాయెల్ యూదులు కట్టుకున్న కాలనీ. 1979లో కొందరు యూదు మహిళలు పిల్లలతో సహా ఊరి నడిబొడ్డున ఒక పాత యూదు బిల్డింగ్‌లోకి వచ్చి కూర్చున్నారు. సెటిల్‌మెంట్ పెరిగేకొద్దీ కట్టడం లోపల యూదుల టైం, చోటు రెండూ పెరుగుతూ వచ్చాయి. నేను ఇక్కడ గమనించమనేది ఒకటే, గుమ్మం దగ్గర వచ్చిన ప్రతి మార్పుకీ ముందు వీధిలో ఏదో మార్పు వచ్చి ఉంది.

1994 ఫిబ్రవరి 25

రంజాన్ నెల, శుక్రవారం, తెల్లవారుజామున చేసే ఫజ్ర్ నమాజ్. యూదులకి ఆ రోజు పూరీమ్ పండగ. కిర్యాత్ అర్బాలో ఉండే బరూఖ్ గోల్డ్‌స్టైన్ అనే డాక్టర్, ఆర్మీ రిజర్వ్ ఆఫీసర్ కూడా, యూనిఫాంలో రైఫిల్‌తో ఇస్సాకు హాల్లోకి వచ్చి వంగి ఉన్నవాళ్ల మీద వెనక నుంచి కాల్చాడు. 29 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. అక్కడున్నవాళ్లే అతన్ని కొట్టి చంపారు.

తర్వాత ఏమైందో ఈ కేస్‌కి అదే ముఖ్యం. కర్ఫ్యూ పెట్టింది పాలస్తీనా వాళ్ల మీద, అది వారాల పాటు నడిచింది. మసీదు నెలల తరబడి మూసేశారు. సుప్రీంకోర్టు అధ్యక్షుడు మేయిర్ షమ్‌గార్ నాయకత్వంలో విచారణ కమిషన్ వేశారు, ఇద్దరు భక్తులు ఒకరికొకరు ఎదురుపడకుండా పూర్తిగా వేరు చేయాలని అది సిఫార్సు చేసింది. ఆ ఏడాది నవంబర్‌లో తెరిచేసరికి లోపల రెండు ముక్కలు అయింది. ఇస్సాకు-రిబ్కాల పెద్ద హాలు ముస్లింలకి, యాకోబు-లేయాల వైపు యూదులకి. అబ్రాహాము గది మధ్యలో ఉంటుంది, రెండు పక్కల నుంచీ కిటికీ ఊచల్లోంచి చూడొచ్చు, ఒక పక్క నించున్నోళ్లకి ఇంకో పక్క వాళ్ల నీడ కనిపిస్తుంది. ముస్లింలకి ఇచ్చిన 10 రోజులు రంజాన్ శుక్రవారాలు, లైలతుల్ ఖద్ర్, రెండు ఈద్‌లు, మిలాద్ లాంటివి. యూదులకి ఇచ్చిన 10 రోజుల్లో పెద్దది ఆదికాండములో ఆ గుహ కొన్న భాగం చదివే శనివారం, ఆ రోజు వేలాది మంది ఎక్కడెక్కడి నుంచో వస్తారు.

చంపింది ఒక వైపు మనిషి, చచ్చిపోయింది ఇంకో వైపు మనుషులు, చివరికి సగానికి పైగా చోటు పోగొట్టుకుంది కూడా చచ్చిపోయినోళ్ల వైపే అని పాలస్తీనా వాళ్లు అంటారు. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే మాట నిజం. హింస తర్వాత "వేరు చేద్దాం" అనేది అధికారులకి తేలిగ్గా తోచే దారి, ఆ వేరు చేయడంలో ఎవరి చోటు తగ్గింది, ఎవరి చోటు ఖాయమైంది అన్న లెక్క రాసుకోకుండా "శాంతి నెలకొంది" అని ఎవరైనా రాస్తే నేను సంతకం పెట్టను.

దారి

1997 జనవరిలో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకత్వం చేసుకున్న హెబ్రోన్ ప్రోటోకాల్ అనే ఒప్పందంతో ఊరు కూడా రెండైంది. హెచ్1 అంటే దాదాపు 80 శాతం, పాలస్తీనా అథారిటీ (పాలస్తీనా వాళ్ల పరిమిత ప్రభుత్వం) చేతిలో. హెచ్2 అంటే మిగతా 20 శాతం, భద్రత మొత్తం ఇజ్రాయెల్ సైన్యం చేతిలో. పాత ఊరు, పాత బజారు, మసీదు అన్నీ ఈ 20 శాతంలోనే పడ్డాయి. అక్కడ 30 వేలు దాటిన పాలస్తీనా జనం, వాళ్ల మధ్యలో కొన్ని వందల మంది సెటిలర్లు, వాళ్లకి కాపలాగా సైన్యం. సెటిలర్ తప్పు చేస్తే ఇజ్రాయెల్ సివిల్ చట్టం, పక్కింటి పాలస్తీనా కుర్రాడు అదే తప్పు చేస్తే మిలిటరీ కోర్టు. దారి గురించి చెప్పే ప్రతి మాట కిందా ఈ తేడా ఉంటుంది.

మేము చేసిన పని చాలా సింపుల్. ఒప్పుకున్న కుటుంబాలతో కలిసి ఇంటి గడప నుంచి నమాజ్ చాప దాకా నడిచాం. ఎక్కడ ఆగాం, ఎవరు ఆపారు, ఏం అడిగారు, ఎంతసేపు, వెనక్కి పంపితే కారణం చెప్పారా లేదా, అవి రాసుకున్నాం. అంతే. కానీ ఈ నడక కాగితం మీద పెట్టేసరికి అధికారుల మ్యాప్‌లో "తెరిచి ఉంది" అని రాసున్న మసీదుకి కొందరికి అసలు దారే లేదని కనిపించింది.

తెల్ రుమేదా గుట్ట మీద ఉండే ఒక పెద్దాయన సంగతి చూడండి. ఆయన చిన్నప్పుడు షుహదా వీధి మీదుగా నేరుగా కిందకి నడిచి మసీదుకి చేరేవాడు. ఆ వీధి ఒకప్పుడు ఊరి ప్రధాన బజారు. 1994 తర్వాత పాలస్తీనా బళ్లకి మూసేశారు, రెండో ఇంతిఫాదా (2000లో మొదలైన పాలస్తీనా తిరుగుబాటు) తర్వాత చాలా భాగం నడిచేవాళ్లకి కూడా మూసేశారు. ఆ వీధిలో ముందు తలుపులకి వెల్డింగ్ పెట్టేసిన ఇళ్లున్నాయి, అక్కడివాళ్లు వెనక నుంచో, పక్కవాళ్ల డాబాల మీద నుంచో బయటికి వస్తారు. ఇప్పుడు ఆ పెద్దాయన గుట్ట దిగి చెక్‌పాయింట్ 56 దాటి హెచ్1 వైపు బాబ్ అజ్-జావియా సెంటర్‌కి రావాలి, అక్కడి నుంచి చుట్టూ తిరిగి పాత బజారు గుండా నడవాలి, చివర్లో మసీదు ముందు టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరే తోసుకుని వెళ్లే తిరిగే ఇనప గేటు), మెటల్ డిటెక్టర్, మళ్లీ గుమ్మం దగ్గర ఇంకో చెకింగ్. మోకాళ్ల నొప్పులున్న మనిషి. "యా బిన్తీ (అమ్మాయీ), ఐదు పూటలు పోయేవాణ్ణి, ఇప్పుడు శుక్రవారం కూడా కాళ్లని అడిగి వెళ్తున్నా" అన్నారు నాతో. ఈయన్ని ఎవరూ ఆపలేదు, ఏ లిస్టులోనూ ఆయన "నిరాకరించబడిన వ్యక్తి" కాదు. ఈ రకం నష్టం ఏ లెక్కలోకీ రాదు, మా పని మొత్తం దాన్ని లెక్కలోకి తేవడమే.

పాత బజారులో నడుస్తుంటే తలెత్తి చూడండి, పైన ఇనప వల ఉంటుంది. పైఅంతస్తుల్లో ఉండే సెటిలర్ల వైపు నుంచి పడే చెత్త, రాళ్లు కింద షాపుల మీద పడకుండా కట్టుకున్నది. 2007లో బత్సెలెం, అసోసియేషన్ ఫర్ సివిల్ రైట్స్ ఇన్ ఇజ్రాయెల్ అనే రెండు ఇజ్రాయెల్ మానవ హక్కుల సంస్థలే కలిసి ఊరి మధ్య భాగం సర్వే చేస్తే 1,014 ఇళ్లు ఖాళీగా, 1,829 షాపులు మూతబడి కనిపించాయి, అంటే ఇళ్లలో 40 శాతం పైన, షాపుల్లో నాలుగింట మూడు వంతులు. యాక్సెస్ మాట్లాడేటప్పుడు షాపుల లెక్క ఎందుకు అని ఒక డోనర్ ఆఫీసర్ నన్ను అడిగారు. ఎందుకంటే అక్కడ శుక్రవారం మసీదు అంటే నమాజ్ అయ్యాక కూరగాయలు కొనుక్కుని, టీ తాగి, చుట్టాలింటికి వెళ్లడం. బజారు పోతే మసీదుకి వెళ్లే కారణాల్లో సగం పోతాయి, చీకటి పడ్డాక ఖాళీ వీధిలో సోల్జర్ల మధ్య నుంచి నడవాలంటే ఆడవాళ్లు రారు, పిల్లల్ని పంపరు. 1996లో మొదలైన హెబ్రోన్ రిహాబిలిటేషన్ కమిటీ పాత రాతి ఇళ్లు బాగుచేసి తక్కువ ఖర్చుతో కుటుంబాలని మళ్లీ తీసుకొచ్చింది, ఆ పనికి 1998లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు కూడా వచ్చింది. నా దృష్టిలో మసీదు యాక్సెస్ కోసం ఆ ఊళ్లో జరిగిన అతి పెద్ద పని అదే, దాని మీద "యాక్సెస్ ప్రాజెక్ట్" అని ఎక్కడా రాసి ఉండదు.

మసీదు పక్క రోడ్డులో కొంత మేర మధ్యలో ఫెన్స్ వేసి పెద్ద భాగం యూదులకి, సన్నటి నడక దారి పాలస్తీనా వాళ్లకి వదిలిన రోజులున్నాయి. రెండో ఇంతిఫాదా మొదటి మూడేళ్లలో అయితే ఊరి మధ్యలో మొత్తం 377 రోజులకి పైగా కర్ఫ్యూ, అందులో ఒకటి వరసగా 182 రోజులు, సరుకులు కొనుక్కోవడానికి మధ్యమధ్యలో కాసేపు వదిలేవారు. 2015 చివర్లో తెల్ రుమేదాని మూసిన మిలిటరీ జోన్ చేసి అక్కడ ఉండేవాళ్లకి నంబర్లిచ్చారు, నంబర్ లిస్టులో లేని సొంత చెల్లెలు కూడా పండక్కి ఇంటికి రాలేని పరిస్థితి. ఆ తర్వాత ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు వచ్చాయి, చెక్‌పాయింట్ దగ్గర మనిషి ఐడీ తీయకముందే స్క్రీన్ మీద అతని వివరాలు వస్తాయని 2023లో ఆమ్నెస్టీ రిపోర్ట్ చేసింది. మేము పేర్లు రాయకపోవడానికి, ఫోన్లో ఫోటోలు పెట్టుకోకపోవడానికి కారణం ఇదే. ఎవరి ప్రార్థన హక్కు కాపాడతామని వెళ్లామో వాళ్ల డేటాని ఇంకో చోట పోగేసి వస్తే అది వాళ్ల మీద ఇంకో చెక్‌పాయింట్ పెట్టినట్టే.

ఎంతసేపు ఆగాలి అనేదానికంటే తెలియకపోవడం ఎక్కువ కష్టం. తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్న భక్తుడు 20 గంటలైనా ఓపిక పడతాడు, గేటు తీస్తారని తెలుసు. ఇక్కడ టర్న్‌స్టైల్ ముందు పది నిమిషాలే నిలబడొచ్చు, కానీ ఆకుపచ్చ లైటు వెలుగుతుందో లేదో, ఈ రోజు కుర్రాళ్లని పంపిస్తున్నారో లేదో, నిన్న ఉన్న రూల్ ఇవాళ ఉందో లేదో ఎవరికీ తెలియదు. మా నోట్స్‌లో ఎక్కువసార్లు కనిపించిన జవాబు "మూసేశాం". ఎప్పటిదాకా అంటే జవాబు ఉండదు. ఒక తల్లి తన 17 ఏళ్ల కొడుకుని మసీదుకి వెళ్లొద్దని తనే ఆపుతోంది, సోల్జర్ ఆపడం కాదు, ఆ వయసు కుర్రాడు ఒక్క మాట తిరిగి అంటే ఏమవుతుందో అని భయం. ఇలా ఇంట్లోనే ఆగిపోయినవాళ్లని లెక్కపెట్టడానికి చెక్‌పాయింట్ దగ్గర నిలబడితే సరిపోదు, ఇళ్లకి వెళ్లి అడగాలి, ముఖ్యంగా ఆడవాళ్లని విడిగా అడగాలి.

అజాన్ సంగతి కూడా దారి సంగతే. మైకున్న గది ఇప్పుడు యూదుల వైపు భాగంలో పడింది. అజాన్ ఇచ్చే ముఅజ్జిన్ ప్రతిసారీ సోల్జర్ల వెంట ఆ గదికి వెళ్లి పిలిచి రావాలి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా, ఇంకా చాలా వేళల్లో, పిలుపు వినిపించదు. నెలకి ఎన్నిసార్లు అజాన్ ఆపేశారో పాలస్తీనా వక్ఫ్ శాఖ లెక్క ప్రకటిస్తూ ఉంటుంది. మసీదుకి రాలేని మంచం పట్టిన ముసలివాళ్లకి ఆ పిలుపే మసీదు, కాబట్టి దాన్ని కూడా మేము ఫామ్‌లో ఒక కాలమ్‌గా పెట్టాం.

మాలాంటి బయటివాళ్ల అనుభవం వేరు. గుమ్మం దగ్గర మతం అడుగుతారు. నేను ముస్లిం కాదు, యూదు కాదు, అందుకని రెండు వైపులా వెళ్లగలిగాను, మసీదు వైపు ఆడవాళ్లకి ఇచ్చే టోపీ ఉన్న పొడుగు అంగీ వేసుకుని. మాతో ఉన్న కర్నూలు తమ్ముడిది కూడా నాలాగే ఇండియన్ పాస్‌పోర్ట్, కాకపోతే పేరు ముస్లిం పేరు, తనకి ఒక్క వైపే. బయటివాళ్లు రెండు వైపులూ తిరిగి వచ్చి "అంతా బాగానే నడుస్తోంది" అని రాయడం నేను చాలాసార్లు చదివాను. వాళ్లు అబద్ధం రాయట్లేదు, తమ యాక్సెస్ రాస్తున్నారు.

రెండో వైపు దారి

యూదు భక్తులకి కూడా దారే ప్రాణాంతకమైన చోటు. 2002 నవంబర్ 15న, శుక్రవారం రాత్రి, కిర్యాత్ అర్బా నుంచి గుహకి వెళ్లే దారిలో ఇస్లామిక్ జిహాద్ అనే పాలస్తీనా సాయుధ సంస్థ మనుషులు పొంచి ఉండి కాల్చితే 12 మంది చనిపోయారు, సైనికులు, సరిహద్దు పోలీసులు, కిర్యాత్ అర్బా సెక్యూరిటీ వాళ్లు. ఆ దారిలో నడిచే కుటుంబాల భయం నాటకం కాదు, నేను వాళ్లతో మాట్లాడాను.

ఆ దాడి తర్వాత సైన్యం ఆ దారిని వెడల్పు చేయాలని పాలస్తీనా ఇళ్ల స్థలాలు స్వాధీనం చేసుకునే ఆర్డర్ ఇచ్చింది, దారి పక్కన పాత కట్టడాలు కొన్ని కూల్చేలా. అది ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2004లో కోర్టు మొదట అనుకున్నదాన్ని బాగా తగ్గించాక మిగిలిన ప్లాన్‌ని ఒప్పుకుంది. ఒక వైపు యూదు భక్తుల ప్రార్థనా స్వేచ్ఛ, ఇంకో వైపు అక్కడి పాలస్తీనా వాళ్ల ఆస్తి హక్కు, రెండింటినీ తూకం వేసి తీర్పు రాశారు. మా ఫీల్డ్‌లో కొత్తగా వచ్చే ప్రతివాళ్లకీ ఈ తీర్పు చదవమని చెప్తాను. ప్రార్థన స్వేచ్ఛ అంటే గుమ్మమే కాదు, అక్కడికి క్షేమంగా నడిచి వెళ్లే దారి కూడా అని ఒక కోర్టు అందులో ఒప్పుకుంది. నేను అడిగేది ఇంతే, ఒకరికి దారి కూడా ప్రార్థనలో భాగమైతే షుహదా వీధి ఎవరి ప్రార్థనలో భాగం? తూకంలో ఒక పళ్లెంలో ప్రార్థన పెట్టి రెండో పళ్లెంలో ఆస్తి మాత్రమే పెడితే, ఆ ఆస్తి ఉన్న మనిషి కూడా అదే గుమ్మానికి ప్రార్థనకి వెళ్తాడన్న సంగతి తూకంలోకి రాలేదు.

తిరగేసి చూడాల్సిన ఇంకోటి ఉంది. హెచ్1 వైపు, అంటే పాలస్తీనా అథారిటీ ఉన్న చోట, యూదులకి పవిత్రమైన నాలుగు స్థలాలు ప్రోటోకాల్‌లో పేర్లతో సహా రాసి ఉన్నాయి. వాటిలో బైబిల్లో న్యాయాధిపతి అయిన ఒత్నీయేలు సమాధి బాబ్ అజ్-జావియా పక్కనే ఉంటుంది. కొన్ని పండగల్లో యూదు భక్తులు సైన్యం కాపలాతో అక్కడికి వస్తారు, ఆ కాసేపు చుట్టూ షాపులు మూసుకోవాల్సి వస్తుంది. వాళ్లకి ఆ సమాధి దగ్గరికి వెళ్లే హక్కు ఉంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఒకరికి సైన్యం దారి తీసిపెడుతుంది, ఇంకొకరికి అదే సైన్యం దారి మూస్తుంది, ఇద్దరి పేరు మీదా ఫైల్‌లో "యాక్సెస్ ఏర్పాట్లు" అనే ఉంటుంది.

లిఫ్ట్

మెట్లెక్కలేనివాళ్ల కోసం లిఫ్ట్ కట్టాలని యూదుల వైపు ఏళ్ల తరబడి అడిగారు. 2020 మే నెలలో అప్పటి రక్షణ మంత్రి నఫ్తాలి బెనెట్ ఆమోదం తెలిపారు, 2021 ఆగస్టులో పని మొదలైంది. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి తన పితరుల సమాధి చూడాలనుకోవడం కంటే న్యాయమైన కోరిక ఉండదు, నేను లిఫ్ట్‌కి వ్యతిరేకం కాదు. గొడవ ఎక్కడంటే, ప్రోటోకాల్ ప్రకారం ఆ చోట కట్టడాల పర్మిషన్ హెబ్రోన్ మున్సిపాలిటీది, స్థలం వక్ఫ్‌ది. మున్సిపాలిటీని పక్కన పెట్టి ఆ అధికారం సైన్యం కింద ఉండే సివిల్ అడ్మినిస్ట్రేషన్ తీసేసుకుంది. అది 2017లో యునెస్కో వరల్డ్ హెరిటేజ్ లిస్టులో, ప్రమాదంలో ఉన్న స్థలాల లిస్టులో కూడా చేర్చిన పాత ఊరు. పాలస్తీనా వైపు వాళ్లు చూసింది లిఫ్ట్‌ని కాదు, సంతకం ఎవరి చేతికి మారిందో చూశారు. అదే సమయంలో బజారు వైపు టర్న్‌స్టైల్‌లో వీల్‌చెయిర్ పట్టదు, పక్క గేటు సోల్జర్ వచ్చి తీయాలి, ఆయన మూడ్‌ని బట్టి. వికలాంగుల కోసం అని మొదలుపెట్టినప్పుడు రెండు గుమ్మాలూ ఒకే డ్రాయింగ్‌లో పెట్టి ఉంటే మాట్లాడుకోవడానికి ఒక దారి దొరికేది. మేము అదే సూచించాం, దాని మీద చర్చ కూడా జరగలేదు.

ఎవరు రాసి పెడుతున్నారు

1994 మారణకాండ తర్వాత ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 904వ తీర్మానంలో తాత్కాలిక అంతర్జాతీయ ఉనికి గురించి రాశారు. అలా వచ్చిందే టిఫ్ అనే అబ్జర్వర్ మిషన్, నార్వే నడిపించేది, స్వీడన్, డెన్మార్క్, స్విట్జర్లాండ్, ఇటలీ, టర్కీ మనుషులు ఉండేవాళ్లు. 1997 నుంచి 22 ఏళ్లు వీధుల్లో తిరిగి రాసుకున్నారు. 2019 జనవరిలో నెతన్యాహు ప్రభుత్వం రెన్యూ చేయనంది, వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లకి ఎవరినీ ఆపే అధికారం లేదు, వాళ్ల రిపోర్టులు పబ్లిక్‌కి ఇచ్చేవాళ్లు కాదు, ఆ విషయంలో పాలస్తీనా వాళ్లకే చాలా కోపం ఉండేది. అయినా మిషన్ గుర్తున్న జాకెట్‌తో ఒక మనిషి పక్కన నిలబడితే గొంతులు కాస్త తగ్గేవని నాకు ఒక స్కూల్ టీచర్ చెప్పారు.

సైన్యం చేతిలో ఉన్న ఊళ్లో ఆ సైన్యం మీద బాధ్యత ఉంటుంది. 1907 హేగ్ నిబంధనల్లో 46వ ఆర్టికల్, 1949 నాలుగో జెనీవా ఒప్పందంలో 27వ ఆర్టికల్, రెండూ అక్కడి జనం మత విశ్వాసాలని, ఆచారాలని గౌరవించాలని స్పష్టంగా చెప్తాయి. భద్రత కోసం కొన్ని ఆంక్షలు పెట్టుకోవచ్చు, నేను కాదనను. కానీ ఆంక్ష ఎందుకు, ఎంతకాలం, ఎవరికి అప్పీల్ చేయాలి అనేది ఎక్కడా కాగితం మీద లేకపోతే ఆచారాన్ని గౌరవిస్తున్నారో లేదో ఎవరూ చెప్పలేరు. మేము అధికారుల ముందు పెట్టిన కోరికలు చాలా చిన్నవి, చెక్‌పాయింట్ మూసే వేళలు అరబిక్‌లో రాసి అంటించండి, వెనక్కి పంపితే ఒక చీటీ మీద కారణం, టైం రాసివ్వండి, అజాన్ ఆపిన ప్రతిసారీ వక్ఫ్‌కి లిఖితంగా చెప్పండి, షుహదా వీధిలో ఫజ్ర్‌కి, జుమాకి వెళ్లే ముసలివాళ్లని నడవనివ్వండి. చివరిది మొదటి మీటింగ్‌లోనే తీసేశారు. మిగతావి "పరిశీలిస్తాం" దగ్గర ఆగాయి.

2023 అక్టోబర్ 7 హమాస్ దాడి తర్వాత హెచ్2లో చాలా వీధుల వాళ్లని వారాల పాటు ఇళ్లలోంచి కదలనివ్వలేదు, కొన్ని గంటలు మాత్రం వదిలేవారు. మసీదు దారి ఇంకా ఇరుకైంది. మా ఫామ్‌లు ఇప్పుడు అక్కడి కాలేజీ అమ్మాయిలు కొందరు తమకి తోచినట్టు నింపుతున్నారు, పేర్లు లేకుండా, తేదీ, చోటు, ఎంతసేపు, ఏం చెప్పారు, అంతవరకే. ఎవరైనా ఇలాంటి పని ఇంకో ఊళ్లో మొదలుపెట్టాలనుకుంటే ఆ ఫామ్‌లో మొదటి గడి "ఇంటి నుంచి బయల్దేరిన టైం" అని పెట్టుకోండి, రెండో గడి "బయల్దేరకపోతే ఎందుకు". మాకు ఎక్కువ సమాచారం వచ్చింది ఆ రెండో గడి లోంచే.